ప్లానులో లేని గుంత

బెణికింది నూకరాజు కాలు. ఆ కబురు రాజధాని చేరేసరికి బెణికింది గోదాము నూతి గిలక అయింది. ఆ తరవాత జరిగినదానికంతటికీ మొదలు అదే.

రేవుమెరక ధాన్యం గోదాముకు లారీలు ఆగే చోటినుంచి గుమ్మందాకా ఏటవాలు దారి ఉంది. ఆ దారి చివర, సరిగ్గా గుమ్మం ముందు, ఒక గుంత. మూరెడు లోతు, రెండు మూరల పొడుగు, మూర వెడల్పు. వీపున బస్తా ఉన్నవాడికి కాళ్లకింద ఏముందో కనపడదు. అందుకని ముందు నడిచే హమాలీ గుంత దగ్గరికి రాగానే "గుంతండోయ్!" అని కేక వేస్తాడు. వెనకవాడు కాలు ఎత్తి దాటుతాడు, దాటుతూ తన వెనకవాడి కోసం తనూ కేక వేస్తాడు. పని ఉన్న రోజున ఆ కేక నాలుగైదు వందలసార్లు వినపడుతుంది.

గోదాము అధికారి దైవాధీనానికి ఆ కేకంటే ఇష్టం. ఆయనది పుస్తకం చదువుతూ నడిచే అలవాటు. భార్య సుగుణమ్మ ఉన్నన్నాళ్లూ, ఎక్కడ పనిలో ఉన్నా సరే, ఆయన గుమ్మం దగ్గరికి వచ్చేసరికి "గడపండీ" అనేది. ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఇంట్లో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. ఇక్కడ ఇరవైమంది చెబుతారు. చెప్పేది ఆయనకు కాదు, అయినా వినడానికి బాగుంటుంది.

ఆ రోజు కేక వేయాల్సినవాడికి తుమ్ము వచ్చింది. వెనకున్న నూకరాజు కాలు గుంతలో పడింది.

ఆ ఏడు అలా పడినవాళ్లలో నూకరాజు ఏడోవాడు. ఇరవైరెండేళ్లుగా అదే గోదాములో బస్తాలు మోస్తున్న మనిషి. ఏటవాలు ఎక్కేటప్పుడు మిగతావాళ్లు మూలుగుతారు గాని నూకరాజు కూనిరాగం తీస్తాడు. అలాంటివాడు గుమ్మం పక్కన చతికిలపడి, వాచిన కాలిని రెండు చేతులతో పట్టుకుని, "ఏం లేదండి బాబుగారూ, కొద్దిగా గిలక బెణికిందండి" అన్నాడు.

గింజలు ఊడ్చే మంగాయమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది. "కొద్దిగా ఏంట్రా, గుమ్మడిపిందెలా ఉబ్బితేనీ! ఆ గుంతలో ఎవడో ఒకడు సమాధైతేగానీ పూడ్చరు గావాల."

దైవాధీనం టీ కాచుకునే స్టవ్ మీద చింతపండూ ఉప్పూ ఉడికించి, గోరువెచ్చగా పట్టు వేశాడు. సుగుణమ్మ ఆయనకు అలాగే వేసేది. తరవాత చెయ్యి కడుక్కుని పైఆఫీసుకు ఉత్తరం రాశాడు. ఆయన బి.ఏ. చదివింది తెలుగుతోనే, పైగా ఉత్తరాలన్నీ తెలుగులోనే ఉండాలని ఆ మధ్య ఉత్తర్వు కూడా వచ్చింది. "గోదాము గుమ్మం ముందున్న గుంతలో హమాలీ నూకరాజు కాలు పడి గిలక బెణికినది. గుంత పూడ్చుటకు ఒక బస్తా సిమెంటు మంజూరు చేయ ప్రార్థన" అని రెండే ముక్కలు రాశాడు.

రేవుమెరక చుట్టుపక్కల చీలమండను గిలక అంటారు. రాజధానిలో గిలక అంటే నూతి మీదిదే.

పదిరోజులకు జవాబు వచ్చింది. "సంస్థ ఆస్తుల పట్టికలో నలుబదియొకటవ అంశమైన నూతి గిలక, హమాలీ యొక్క కాలు పడిన కారణమున బెణికినట్లు తెలియవచ్చినది. సంస్థ ఆస్తిపై కాలు వేసినందులకు సదరు హమాలీపై చర్య ఏల తీసుకొనరాదో వివరించవలెను. బెణికిన గిలక నిమిత్తము మెకానిక్కును పంపడమైనది."

మెకానిక్ నిజంగానే వచ్చాడు. నూతి గిలక విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి, బెణుకు తగ్గినట్టు సంతకం పెట్టించుకుని వెళ్లాడు. నాలుగేళ్లుగా కీచుమంటున్న గిలక ఆ రోజునుంచి నోరు మూసుకుంది. "పోనీలెండి, నూకరాజు కాలు విరిగినా నా చెవులు బాగుపడ్డాయండి" అంది మంగాయమ్మ. అదీ ఒక మేలే అనుకున్నాడు దైవాధీనం.

మళ్లీ రాశాడు. "గిలక అనగా చీలమండ. మనిషి కాలికిని పాదమునకును నడుమ ఉండునది. ఈ సంవత్సరము ఏడుగురికి బెణికినది. బెణకుటకు కారణము గుంత. కావలసినది సిమెంటు."

ఈసారి జవాబు కట్టడాల విభాగంనుంచి వచ్చింది. "గోదాము ప్లానును క్షుణ్ణముగా పరిశీలించడమైనది. ప్లానులో గుమ్మము ముందు ఎట్టి గుంతయు లేదు. లేని గుంతకు సిమెంటు మంజూరు చేయుటకు నిబంధనలు అంగీకరించవు."

దైవాధీనమే స్వయంగా ఓ బస్తా సిమెంటు తెచ్చి పూడ్చేయవచ్చుగా అనిపిస్తుంది. ఆయనకు ముందున్న అధికారి అదే చేశాడు. అనుమతి లేని నిర్మాణం చేసినందుకు ఆయనకు మెమో వచ్చింది. పూడ్చినదాన్ని తవ్వించి, ప్లాను ప్రకారం యథాస్థితికి తెచ్చి, ఫొటో పంపమన్నారు. తవ్వినప్పుడు గుంత మునుపటికన్నా నాలుగు వేళ్లు లోతైంది. ఆ తరవాత ఎవరో తాటిబల్ల అడ్డంగా వేస్తే, అనుమతి లేని వంతెన అని అదీ తీయించారు. దైవాధీనం దగ్గర ఆ కాగితాలన్నీ ఫైలు కట్టి ఉన్నాయి.

ఇంతలో ఆయన ఉత్తరంలోని చీలమండ అనే మాట పైవాళ్లకు తెగ నచ్చింది. సంస్థ అధ్యక్షుడు అప్పుడే ఎక్కడో కార్మిక భద్రత మీద మూడురోజుల సదస్సుకు వెళ్లి, మెడలో బిళ్ల వేయించుకుని వచ్చి ఉన్నాడు. ఏ గోదాములో ఎవరికి ఏం భద్రత కల్పించాలా అని వెతుకుతున్న సమయంలో ఏడు చీలమండలు దొరికాయి. వారం తిరక్కుండా చీలమండ భద్రతా సంఘం ఏర్పడింది. సంఘం మొదటి సమావేశంలోనే తేల్చేసింది: చీలమండ పాదం పైన ఉంటుంది, పాదం పాదరక్షలో ఉంటుంది, కాబట్టి చీలమండ బెణకడానికి కారణం సరైన పాదరక్ష లేకపోవడమే. ఇక మిగిలింది సరైన పాదరక్షను ఎంచుకోవడం.

ఎంపిక శాస్త్రీయంగా జరిగింది. ఎనిమిది రకాల బూట్లు తెప్పించి, సంఘం సభ్యులు చల్లని గదిలో బల్ల చుట్టూ కూర్చుని ఒక్కో రకం ఒక్కో పూట తొడుక్కున్నారు. దాని నివేదిక ప్రతి దైవాధీనానికి కూడా అందింది. "ఏడవ రకము పాదరక్షను నాలుగు గంటలపాటు ధరించి ఆసీనులై యున్నప్పటికిని ఒక్క సభ్యునికైనను చీలమండ బెణకలేదు. మడుగు వలె కాఫీ ఒలికిన చోటున కూడ పరీక్షించడమైనది, జారుట కనిపించలేదు. కావున ఏడవ రకమును ఆమోదించడమైనది."

ఆమోదించిన రకాన్ని అమలు చేయడానికి పాదభద్రతా ప్రత్యేకాధికారిగా నిరంజనరావును వేశారు. చెడ్డమనిషేం కాదు. ఏ పని అప్పగించినా ప్రపంచంలో అదొక్కటే పని అన్నంత నమ్మకంతో చేస్తాడు, అంతే. ఆయన మొదటిసారి రేవుమెరక వచ్చినప్పుడు ఇత్తడి పీటలాంటి ఒక పరికరం తెచ్చాడు. దానిమీద అంకెలు, ముందూ పక్కనా జరిగే రేకులు.

"దీన్ని పాదమాపకం అంటారు. కార్మికులందరూ పాదాలు శుభ్రపరచుకుని వరసలో రావలెను" అన్నాడు. మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా ఆయన మాటలు సంతకానికి సిద్ధంగా ఉన్నట్టుంటాయి.

"కొబ్బరికోరులా ఉందండి. ఏళ్లు జాగర్తర్రోయ్!" అంది మంగాయమ్మ.

పంతొమ్మిదిమంది పాదాలు ఎలాగో అంకెల మధ్య ఇరుక్కున్నాయి. నూకరాజు వంతు వచ్చింది. అతని బెణుకు తగ్గింది. పనిలోకి వచ్చి వారమైంది. పుట్టి బుద్ధెరిగాక చెప్పు తొడగని కాలది. మడమనుంచి వేళ్లదాకా విసనకర్రలా విచ్చుకుంది. బొటనవేలు మిగతా నాలుగింటితో మాటల్లేనట్టు పక్కకు తిరిగి ఉంది. నిరంజనరావు రేకు జరిపాడు. మళ్లీ జరిపాడు. రేకు చేతికి ఊడి వచ్చింది.

"ఇది ప్రమాణేతర పాదం" అన్నాడు.

"అంటే ఏంటండి?"

"సంస్థ ఆమోదించినవి ఆరునుంచి పదివరకు గల కొలతలు. నీ పాదం అందులో లేదు."

నూకరాజు తన పాదం వంక జాలిగా చూశాడు. "దాని తప్పేం లేదండి. ఆమోదించేటప్పుడు దాన్నెవరూ పిలవలేదండి."

నిరంజనరావు నవ్వలేదు. కాగితం మీద రాసుకున్నాడు. "నెలాఖరుదాకా గడువు ఇస్తున్నాం. ఈలోగా పాదాన్ని ప్రమాణానికి తెచ్చుకోవాలి. ముప్పయ్యో తారీఖున ఎవరి కాళ్లకింద ఆమోదిత పాదరక్షలు ఉండవో వారి పేరు పనివాళ్ల పట్టికనుంచి తొలగించబడుతుంది. ఇది నేను చేస్తున్నది కాదు. నిబంధన."

పట్టికలో పేరు లేనివాడు గోదాము ఆవరణలో అడుగు పెట్టకూడదు. నూకరాజుకు ఆ సంగతి తెలుసు. కడిగిన పాదాన్ని మళ్లీ కడుక్కుని వెళ్లిపోయాడు.

"ఒకసారి ఇలా చూడండి" అని దైవాధీనం నిరంజనరావును గుంత దగ్గరికి తీసుకువెళ్లాడు. "వీళ్లందరి కాళ్లూ బెణికింది ఇక్కడండీ."

నిరంజనరావు సంచిలోంచి ప్లాను తీసి విప్పి, గుంతనూ ప్లానునూ మార్చిమార్చి చూశాడు. "ఇందులో లేదు" అన్నాడు.

"ఇందులో ఉందండి" అన్నాడు దైవాధీనం, నేలను చూపిస్తూ.

"దైవాధీనంగారూ, మీరు పెద్దవారు. నేల ఎలాగైనా ఉంటుంది. మనం నడవాల్సింది ప్లాను ప్రకారం."

బూట్లు వచ్చాయి. ఇరవై జతలు. ముందు ఇనుపరేకు, కింద రెండు వేళ్ల మందాన రబ్బరు, పైన చీలమండ దాటి జానెడు. జత బరువు రెండు కిలోల పైమాటే. నూకరాజుకు అన్నిటికన్నా పెద్దదైన పదో సైజు ఇచ్చారు. అందులో అతనికి నాలుగు వేళ్లు పట్టాయి. బొటనవేలు బయటే ఉండిపోయింది.

"ఇంటికాడ గోనెపురికొస తడిపి కాలికి చుట్టుకుంటన్నాడండి, సన్నబడుద్దని" అని మంగాయమ్మ దైవాధీనంతో చెప్పింది. "నవ్వుతానే చెప్పేడనుకోండి. కానీ ఏళ్లన్నీ నల్లబడిపోయేయండి. చూళ్లేకపోయేను."

ఆ సాయంత్రం దైవాధీనం నూకరాజును పిలిచి, పురికొస విప్పించి, కొబ్బరినూనె రాయించాడు. "ఇంకెప్పుడూ ఈ పని చెయ్యకు" అన్నాడు.

"మరి పేరు కొట్టేత్తారటకదండి బాబుగారూ? నాకీ పని తప్ప ఇంకోటి రాదండి."

ముప్పైయొక్కేళ్ల ఉద్యోగంలో దైవాధీనం రిజిస్టరులో ఒక్క అబద్ధం రాయలేదు. గొప్పకోసం కాదు. అబద్ధం రాస్తే దాన్ని గుర్తుపెట్టుకోవాలి, ఆయనకు అంత ఓపిక లేదు. ఈసారి ఓపిక తెచ్చుకోవాలేమో అనిపించింది.

మిగతా పంతొమ్మిదిమందికీ బూట్లు సరిపోయాయి గాని, వాటితో ఒక చిక్కు వచ్చింది. హమాలీలు పొద్దున్నే బూట్లు తొడుక్కుని, లేసులు కట్టుకుని, టకటకమంటూ ఏటవాలు ఎక్కేవాళ్లు. గుమ్మం దగ్గర ఆగి, లేసులు విప్పి, బూట్లు విడిచి, వట్టికాళ్లతో లోపలికి వెళ్లి పని మొదలుపెట్టేవాళ్లు. గోదాములో నేలంతా గింజలే. ధాన్యం మీద చెప్పుకాలు పెట్టడం అక్కడ ఎవరూ ఎరగరు. దైవాధీనం కూడా ఉద్యోగంలో చేరిన రోజునుంచి చెప్పులు బయటే విడుస్తున్నాడు. ఆయనకెవరూ అలా చెయ్యమని చెప్పలేదు, మానమనీ చెప్పలేదు.

బూట్లు గుమ్మం ముందు చెల్లాచెదురుగా ఉంటున్నాయని తెలిసి, పైఆఫీసు నిలువెత్తు ఇనుప అలమర పంపింది. దాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఎవరూ నడవని చోటు గుంత పక్కనే ఉంది. అక్కడ పెట్టారు. బూట్లన్నీ అందులో కొత్తగా, మెరుస్తూ, అరల్లో కూర్చున్నాయి. వాటిలో ఒక్కదానికి కూడా బెణుకు రాలేదు.

ఇరవైయ్యో తారీఖున నిరంజనరావు తనిఖీకి వచ్చాడు. నలుగురికీ ఆదర్శంగా ఉంటుందని తనూ ఏడో రకం బూట్లే తొడుక్కుని వచ్చాడు. గోదాములోకి వెళ్లాడు. ఇరవైమంది వట్టికాళ్లతో బస్తాలు మోస్తున్నారు.

"ఏమిటిది? పాదరక్షలెక్కడ?" అని గర్జించాడు. "సంస్థ మీ పాదాల నిమిత్తం ఇంత శ్రమ పడుతుంటే, వాటిని అలమరలో అలంకరించి, మీరిలా నగ్నపాదాలతో... ఎవరు చెప్పారు విడవమని?"

హమాలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంగాయమ్మ చీపురు ఆపింది.

"మరి తమరివేయండి?" అంది.

నిరంజనరావు కిందికి చూసుకున్నాడు. ఆయన బూట్లు గుమ్మం బయట, పక్కపక్కన, బుద్ధిగా ఉన్నాయి. ఎప్పుడు విడిచాడో ఆయనకే తెలియదు. చేతులు వాటంతటవే లేసులు విప్పాయి. మేజోడు చివరనుంచి బొటనవేలు బయటికి తొంగిచూస్తోంది.

"కింద గింజలున్నాయిగా..." అన్నాడు నెమ్మదిగా. అంతలోనే తను అధికారినన్న సంగతి గుర్తొచ్చి, విసవిసా బయటికి నడిచాడు. వంగి బూట్లు తొడుక్కుని, లేసులు బిగించి, ఇంకా ఏదో చెప్పడానికి ఇటు తిరిగి, వెనక్కి ఒక అడుగు వేశాడు.

"గుంతండోయ్!" అని లోపలినుంచి నూకరాజు కేక పెట్టాడు.

"ఇక్కడ గుంత లేదు!" అన్నాడు నిరంజనరావు. "ప్లాను ప్రకా..."

ఆయన పడుతూ పడుతూ అందిన అలమరను పట్టుకున్నాడు. అలమర ఆయనతోపాటు వచ్చింది. దానితో నలభై బూట్లూ వచ్చాయి.

అందరూ కలిసి బూట్లు తొలగించి ఆయన్ని బయటికి తీశారు. ఏడో రకం బూటు చెక్కుచెదరలేదు. గుంతలో కూడా నిటారుగా నిలబడి ఉంది. లోపలి కాలు మాత్రం బెణికింది. నూకరాజు ఆయన్ని రెండు చేతులమీదా ఎత్తి తెచ్చి దైవాధీనం కుర్చీలో కూర్చోబెట్టాడు. "గిలకేనండి. నాదీ ఇదేనండి, ఇదే కాలండి" అన్నాడు, బంధుత్వం కలిసినట్టు.

మంగాయమ్మ చింతపండు నానేసింది. దైవాధీనం ఉడికించి పట్టు వేశాడు. వెచ్చదనం తగిలాక నిరంజనరావు కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి, మామూలు మాటల్లో, "మా అమ్మ వేసేది ఇది" అన్నాడు. "బడినుంచి వచ్చేటప్పుడు గట్టు మీదినుంచి పడ్డానోసారి."

"అప్పుడు గట్టు ఉందాండి, లేకపోతే ప్లానులో..." అని మంగాయమ్మ అనబోతుంటే దైవాధీనం కళ్లతోనే వద్దన్నాడు.

ప్రత్యేకాధికారి చీలమండే బెణకడంతో పైఆఫీసు కదిలిపోయింది. విచారణ జరిగింది. నివేదిక సూటిగా ఉంది. "ప్రమాద సమయమున అధికారి ఆమోదిత పాదరక్షలు ధరించియున్నందున పాదరక్షలలో లోపము లేదు. ప్లాను ప్రకారము గుంత లేనందున గుంతలోను లోపము లేదు. కావున పాదరక్షలను అధిక ఎత్తున నిల్వయుంచుటయే ప్రమాదమునకు కారణమని తేలినది. ఇకమీదట పాదరక్షలను గుమ్మమునకు వెలుపల, కార్మికులకు అందుబాటులో, నేలమట్టమునకు మించని ఎత్తున మాత్రమే నిల్వయుంచవలెను."

దానితోపాటు ముప్పయ్యో తారీఖున నింపి పంపాల్సిన ధ్రువపత్రం కూడా వచ్చింది. అందులో రెండే ప్రశ్నలు. ఒకటి: కార్మికులందరి కాళ్లకింద ఆమోదిత పాదరక్షలు ఉన్నవా? రెండు: పాదరక్షలు నేలమట్టమునకు మించని ఎత్తున నిల్వయున్నవా? కింద ఒక గీత. ఎవరి కాళ్లకింద లేవో వారి పేర్లు ఆ గీత మీద రాయాలి.

నిజం రాస్తే ఇరవైమంది పేర్లూ రాయాలి. బతిమాలితే పంతొమ్మిదిమంది ఆ ఒక్కరోజుకూ బూట్లు తొడుక్కుని ఆవరణలో నిలబడతారు. నూకరాజు కాలికి అదీ కుదరదు.

ముప్పయ్యో తారీఖు పొద్దున దైవాధీనం ఆ కాగితాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కలం మూత తీశాడు. పెట్టాడు. బయట లారీ ఆగింది. అలమరను తీసుకుపోయినప్పటినుంచీ బూట్లు గుమ్మం ముందు నేలమీదే పడి ఉంటున్నాయి. బస్తాతో వచ్చినవాడు అటు గుంతా ఇటు బూట్లూ చూసుకోవాల్సి వస్తోంది.

"గుంతండోయ్! బూట్లండోయ్!" అని రెండు కేకలు వేస్తున్నారు.

"ఏంట్రా ఈ గోల!" అంది మంగాయమ్మ. "ఒక పక్కన పెట్టి చావండ్రా వాటిని."

"ఏ పక్కనెడతామే అప్పా? నేలకంటే ఎత్తులో ఉండకూడదంట. నేలమీదెట్టినా జానెడెత్తుంటన్నాయి" అన్నాడు నూకరాజు. ఆ రోజుతో తన పని సరని అతనికి తెలుసు. అయినా బస్తా దించి, తన పదో సైజు జతను చేతిలోకి తీసుకుని, చుట్టూ చూసి, ఉన్నవాటిలో నేలకన్నా కిందున్న చోటు అదొక్కటే కాబట్టి, గుంతలో పెట్టాడు.

దైవాధీనం కిటికీలోంచి చూస్తున్నాడు. కుర్చీలోంచి లేచాడు. ఉత్తర్వు తీసి మళ్లీ చదివాడు. గుమ్మానికి వెలుపల. అందుబాటులో. నేలమట్టానికి మించని ఎత్తున. పాత మెమోలు కూడా తీసి చదివాడు. సిమెంటు వద్దన్నారు, బల్ల వద్దన్నారు. బూట్లు వద్దని ఎక్కడా లేదు.

బయటికి వచ్చి, "మిగతావి కూడా పెట్టండి" అన్నాడు.

"అందులోనాండి?"

"అందులోనే. ఇది నిర్మాణం కాదు, నిల్వ."

నలభై బూట్లూ దిగాయి. పెద్దవి అడుగున, చిన్నవి పైన. సందుల్లో ఊక కూరారు. చిరిగిన గోనెలు మడతపెట్టి పరిచారు. పైన బంకమట్టి వేసి, నీళ్లు చల్లి, ఇరవైమందీ తొక్కారు. బస్తాలు పేర్చడం తెలిసిన చేతులు కాబట్టి ఒక్క బూటు కూడా కదల్లేదు. మంగాయమ్మ చీపురుతో నున్నగా ఊడ్చి, వెనక్కి జరిగి చూసి, "ఇంతకీ చెప్పులుండాల్సింది గుమ్మం బయటేగా, ఉన్నాయి" అంది.

నూకరాజు బస్తా వీపునేసుకుని అందరికన్నా ముందు నడిచాడు. బొటనవేలు విడివిడిగా, పాదం విసనకర్రలా పరుచుకుని, ఆ చోటు మీద ఆనింది. కింద రబ్బరు కొద్దిగా అణిగి, మళ్లీ లేచింది. అతను ఆగి, ఇంకోసారి తొక్కి చూశాడు.

"మెత్తగా ఉందండి బాబుగారూ!" అన్నాడు. "నా కాలికి సరిపోయిందండి!"

దైవాధీనం లోపలికి వెళ్లి ధ్రువపత్రం నింపాడు. కార్మికులందరి కాళ్లకింద ఆమోదిత పాదరక్షలు ఉన్నవా? ఉన్నవి. నేలమట్టమునకు మించని ఎత్తున నిల్వయున్నవా? ఉన్నవి. పేర్లు రాయాల్సిన గీతమీద ఎవరి పేరూ రాయలేదు. చదివి చూసుకున్నాడు. గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు.

మూడు నెలల్లో రేవుమెరకలో ఒక్క కాలూ బెణకలేదు. సంస్థలోని గోదాములన్నిటిలోకీ పాదరక్షలు పనిచేసింది అక్కడే అని తేలింది. చీలమండ భద్రతా సంఘం అభినందన తీర్మానం చేసి, ఆ విజయాన్ని కళ్లారా చూసి రమ్మని నిరంజనరావును పంపింది.

ఆయన చేతికర్ర ఊతంతో ఏటవాలు ఎక్కి, గుమ్మం ముందు ఆగాడు. వట్టికాళ్లతో బస్తాలు మోసుకుపోతున్న హమాలీలను చూశాడు. అలమర లేదు. బూట్లు లేవు.

"దైవాధీనంగారూ, నూటికి నూరు శాతమని రాశారు. ఎక్కడండీ పాదరక్షలు?"

"తమరి కాళ్లకిందేనండి" అన్నాడు దైవాధీనం.

నిరంజనరావు తన బూట్ల వంక చూసుకుని తృప్తిగా తలాడించాడు. "నావి సరే. వీళ్లవి?"

"వాళ్లవీ అక్కడేనండి."

నిరంజనరావు మళ్లీ కిందికి చూశాడు. తను ఎక్కడ నిలబడ్డాడో అప్పుడు గుర్తుపట్టాడు. కర్రతో నేలను ఒకసారి పొడిచాడు. కర్ర దిగలేదు. మట్టి అంచున నల్లగా ఒక లేసు కొస కనపడింది. చాలాసేపు దానివంకే చూశాడు. మంగాయమ్మ ఊడవడం ఆపేసింది. దైవాధీనం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నూకరాజు పేరు ఇంకా పట్టికలోనే ఉంది.

నిరంజనరావు సంచిలోంచి ప్లాను తీసి విప్పాడు. గుమ్మం ముందు చోటు మీద వేలు పెట్టాడు.

"ప్లాను ప్రకారం ఇక్కడ గుంత లేదు" అన్నాడు.

"లేదండి" అన్నాడు దైవాధీనం.

ఆ గోదాములో ప్లానూ నేలా ఒక్కమాట మీదికి రావడం చాలా ఏళ్లకు అదే మొదలు. నిరంజనరావు తనిఖీ పుస్తకం తెప్పించి, నిలబడే, "పరిశీలించితిని. తృప్తికరము" అని రాసి సంతకం పెట్టాడు. లేసు కొసను బూటు మడమతో మట్టిలోకి మెల్లగా నొక్కాడు. తరవాత ఒక అడుగు వెనక్కి జరిగి, వంగి, తన బూట్లు విప్పి, పక్కపక్కన పెట్టి, లోపలికి వెళ్లబోయాడు.

వెనకనుంచి నూకరాజు బస్తాతో వస్తున్నాడు. ఇరవైరెండేళ్ల అలవాటు. "గుంతండోయ్!" అన్నాడు.

నిరంజనరావు లేని గుంతను కాలు బాగా ఎత్తి, జాగ్రత్తగా దాటాడు.